మొంబాసా ఫోర్ట్ జీసస్: గేటు మీది రాయి చదివించిన గైడ్

కెన్యా తీరంలోని మొంబాసాలో పోర్చుగీసులు కట్టిన కోట ఫోర్ట్ జీసస్‌కి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి గైడ్ లేకుండా ఫిరంగులు, గోడలు, సముద్రం చూసి గంటలో బయటికి వచ్చేశాను. రెండోసారి గేటు బయట ఒక పెద్దాయన్ని మాట్లాడుకున్నాను. ఈ రివ్యూ ఆయన కోసమే.

లోపలికి అడుగుపెట్టకముందే ఆపి, "పైకి చూడండి, మామా" అన్నారు. అక్కడ పెద్ద వయసు ఆడవాళ్లను అలాగే పిలుస్తారు, అంటే అమ్మా అని. ద్వారం పైన పోర్చుగీసు అక్షరాలతో ఒక శిలాఫలకం ఉంది. మొదటిసారి దాని కిందనుంచే నడిచి వెళ్లాను, కంటపడనే లేదు.

ఫ్రాన్సిస్కో డి సీషాస్ కబ్రేరా 1635లో, 27 ఏళ్ల వయసులో, నాలుగేళ్ల కాలానికి ఈ కోట కెప్టెన్ అయ్యాడు. అప్పట్లో మొంబాసాలో పోర్చుగీసు గవర్నరంటే కోట కెప్టెనే. తన ఘనతంతా ఆ రాతి మీద చెక్కించుకున్నాడు. కోటను బాగుచేశాడట, పాతె అనే ద్వీపంలో ఊరి గోడలు కూల్చాడట, పెంబా ద్వీపంలో తిరగబడ్డ పాలకుల్నీ ఊరిపెద్దల్నీ చంపించాడట. ఆ పనులకు దక్కిన పింఛను, శ్రీలంకలోని జాఫ్నాలో పదవి కూడా రాయించాడు. గైడ్ ఒక్కో వాక్యం చదివి ఆగేవారు. పెంబా దగ్గర గొంతు తగ్గించి, "చనిపోయినవాళ్ల పేర్లు మాత్రం లేవు" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

అంత పగ ఎందుకో కూడా వివరించారు. మొంబాసా రాజకుమారుడు యూసుఫ్ బిన్ హసన్‌ను చిన్నప్పుడే గోవా తీసుకెళ్లి, క్రైస్తవం ఇప్పించి, డోమ్ జెరోనిమో అని పేరు పెట్టారు. రాజుగా తిరిగొచ్చాక, 1631 ఆగస్టులో అతనే ఈ కోటలో అప్పటి కెప్టెన్‌ను పొడిచి చంపాడు. మరుసటి ఏడాది పోర్చుగీసులు కోటను మళ్లీ పట్టుకున్నారు. ఆ తర్వాతే ఈ రాయి. ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పాను కానీ, గోవాకీ మొంబాసాకీ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని ఎప్పుడూ అనిపించలేదు.

బ్రిటిష్‌వాళ్లు 1895 నుంచి 1958 దాకా దీన్ని జైలుగా వాడిన సంగతి కూడా బాగా చెప్పారు. మ్యూజియం గదుల్లో మాత్రం తొందరపెట్టారు. 1697లో మునిగిన సాంతో ఆంతోనియో ఓడ నుంచి తీసిన వస్తువుల దగ్గర ఇంకాసేపు నిలబడాలనిపించింది. అక్కడ మీరే ఆగండి, ఆయన కాదనరు.

ఉదయాన్నే వెళ్లండి, తొమ్మిది దాటితే ఎండకు పగడపు రాతి గోడలు కాలిపోతాయి. డబ్బు ఎంతో ముందే మాట్లాడుకోండి. ఏ గైడ్ దొరికినా, ముందు గేటు మీది రాయి చదివి చెప్పమనండి.