వండి పెట్టాలా, డబ్బు చేతికివ్వాలా?

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి చర్చిలో చందాలు ఎత్తినప్పుడల్లా ఇదే వాదన: ఇల్లూ ఊరూ వదిలి వచ్చినవాళ్లకి వండి పెట్టడమా, డబ్బు ఇచ్చెయ్యడమా?

మొదటి రోజుల్లో వండిన అన్నమే మేలు. పొయ్యి లేనివాళ్లకి బియ్యం ఇచ్చి ఏం లాభం? 2017లో ఏడు లక్షలకు పైగా రోహింగ్యాలు మయన్మార్ నుంచి బంగ్లాదేశ్‌కి పారిపోయి వచ్చినప్పుడు, సిక్కుల సంస్థ ఖాల్సా ఎయిడ్ అక్కడ లంగర్, అంటే అందరికీ ఉచితంగా వండి పెట్టే వంటశాల, నడిపింది. వండింది సిక్కులు, తిన్నది ముస్లింలు. ఎవరూ మతం అడగలేదు.

నెలలు గడిస్తే మాత్రం ఆ లైనే అవమానం. ముసలమ్మ పళ్లెం పట్టుకుని గంటసేపు నిలబడాలి. పసిబిడ్డకైనా, సుగరున్న తాతకైనా అదే సాంబారన్నం. డబ్బో కూపనో ఇస్తే ఇంటావిడే తనకి కావలసింది కొనుక్కుంటుంది. కాకపోతే దగ్గర్లో సరుకున్న అంగడి ఉండాలి, ధరలు మండకూడదు. పైగా డబ్బు పంచితే ఫోటోలు బాగా రావు, మావాళ్లకి అదో బెంగ!

మా జిల్లా చంద్రగిరిలో 1963 నుంచి టిబెటన్ శరణార్థులున్నారు. వాళ్లు నిలదొక్కుకున్నది ఒకరు వండి పెట్టిన అన్నంతో కాదు, పొలంతో, మొక్కజొన్నతో.

అందుకే ఈసారి కొత్త డేగిసాలు కొనొద్దన్నాను. పాస్టరుగారు ఇంకా ఒప్పుకోలేదు.