అమూ దర్యా ఆవలి గట్టు: ఖీవా దగ్గర ఆగిపోకుండా చూడవలసిన ఎడారి కోటలు

ఉజ్బెకిస్తాన్‌కు వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది తాష్కెంట్, సమర్‌ఖండ్, బుఖారా చూసి వెనక్కి తిరుగుతారు. ఇంకాస్త ఓపిక ఉన్నవారు ఖీవా దాకా వెళ్లి, కోటగోడ లోపలి నీలి పలకల మినార్ల ముందు ఫొటోలు తీసుకుని, అక్కడితో దేశం అయిపోయిందనుకుంటారు. ప్రాచీన ఖ్వారజం రాజ్యపు అసలైన ఆనవాళ్లు చాలావరకు ఖీవాకు ఉత్తరంగా, అమూ దర్యా నదికి ఆవలి గట్టున, కిజిల్‌కుమ్ ఎడారి అంచున ఉన్నాయి. పరిపాలనాపరంగా అది కరకల్పకిస్తాన్ అనే స్వయంపాలిత గణతంత్రం. ఉజ్బెకిస్తాన్ విస్తీర్ణంలో మూడో వంతుకు పైగా దానిదే అయినా, పర్యాటకుల సంఖ్యలో దాని వాటా చాలా స్వల్పం. ఆ ప్రాంతాన్ని చూసి వచ్చిన తరువాత నాకు కలిగిన అభిప్రాయం ఒక్కటే: ఖీవాకు ఒక పగలూ ఒక రాత్రీ చాలు, మిగిలిన సమయమంతా నది దాటి గడపడమే మంచిది.

ఖీవాను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఇచాన్ కలా అని పిలిచే లోపలి పట్టణం 1990లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి స్థలం అదే. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది జుమా మసీదు. బయటినుంచి చూస్తే అక్కడ ఆగాలని కూడా అనిపించదు. లోపల మాత్రం రెండు వందలకు పైగా చెక్క స్తంభాలు ఒకదాని పోలిక మరొకదానికి లేకుండా నిలబడి ఉంటాయి, పైకప్పులోని ఖాళీల గుండా పడే వెలుతురు తప్ప వేరే దీపం అక్కరలేదు. కల్తా మినార్ పొట్టిగా, లావుగా, నిండా పచ్చనీలి పలకలతో ఉంటుంది. దాన్ని కట్టించిన మొహమ్మద్ అమీన్ ఖాన్ 1855లో యుద్ధంలో మరణించడంతో పని అక్కడే ఆగిపోయింది. 1910 నాటి ఇస్లాం ఖోజా మినార్ ఎక్కవచ్చు గానీ, మెట్లు నిటారుగా, చీకటిగా ఉంటాయి కనుక మోకాళ్ల నొప్పులున్నవారు మానుకోవడం మేలు. మదరసాల గదుల్లో చాలావరకు దుకాణాలు వెలిశాయి, బాగుచేత పేరుతో గోడలన్నీ నునుపుగా తేలాయి; పగటిపూట అది ఊరిలా కాక ప్రదర్శనశాలలా కనిపిస్తుంది. పర్యాటకుల బస్సులు వెళ్లిపోయాక, సూర్యాస్తమయానికి మట్టిగోడలు ఎర్రబారే వేళ తిరిగితేనే ఆ స్థలానికి న్యాయం జరుగుతుంది. అందుకే గోడ లోపల బస చేయడానికి కొంత ఎక్కువ ఖర్చయినా నేను దానికే మొగ్గుతాను.

లోపలి బసలు ప్రధానంగా కుటుంబాలు నడిపే అతిథి గృహాలు. వాటిలో మర్యాదకు లోటు ఉండదు, ఉదయం ఫలహారానికి రొట్టె, గుడ్లు, వెన్న, పండ్లు, గ్రీన్ టీ సమృద్ధిగా పెడతారు. గదుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. మేము దిగిన ఒకచోట పైఅంతస్తు గది చూపించి, రాత్రికి కిటికీ లేని కింది గది ఇచ్చారు. అడిగితే మర్నాడు మార్చారు గానీ, అప్పటికే ఒక రాత్రి ఉక్కపోతలో గడిచిపోయింది. కుళాయి నీటికి ఉప్పదనం ఉంటుంది కాబట్టి తాగడానికి సీసా నీళ్లే వాడాలి. ఈ ఉప్పు సంగతి కోటల దగ్గర మళ్లీ వస్తుంది.

ఖీవా నుంచి కోటలకు వెళ్లాలంటే కారు మాట్లాడుకోవడమే మార్గం. ప్రజారవాణాను నమ్ముకుంటే ప్రధాన రహదారి మీది పట్టణాల దాకా చేరగలరు, అక్కడినుంచి కోటలకు ఏదీ ఉండదు. బేరం కుదుర్చుకునేటప్పుడు ఏయే కోటలు చూడాలో పేర్లతో సహా చెప్పి, ఒక్కోచోట ఎంతసేపు ఆగాలో ముందే తేల్చుకోవాలి. లేకపోతే డ్రైవర్లు అలవాటుగా మూడు కోటలు చూపించి, భోజనవేళకు వెనక్కి తిప్పుతారు. ఇంగ్లిష్ దాదాపు పనిచేయదు. ఫోనులో అనువాదం చేసే ఆప్, నాలుగు రష్యన్ మాటలు ఉంటే రోజు గడిచిపోతుంది. దారిలో నది మీది వంతెన దాటేటప్పుడు కాసేపు ఆగమని అడగండి. మన పురాణాల్లోని వక్షు నదిగా పండితులు గుర్తించిన ప్రవాహం ఇదే. మట్టిరంగులో, ఇసుక తిన్నెల మధ్య పాయలుగా చీలి, ఎంతో అలసటగా పారుతుంది. ఎగువన పత్తికీ వరికీ కాలువలు తోడుకున్న తరువాత మిగిలిన నీరది.

మొదట తోప్రాక్ కలా చూడాలని నా సూచన ('కలా' అంటే కోట). క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో ఖ్వారజం రాజుల పీఠమైన ఈ నగరాన్ని 1938లో సోవియట్ పురావస్తు శాస్త్రవేత్త సెర్గేయ్ తొల్స్తోవ్ బృందం గుర్తించింది. దీర్ఘచతురస్రాకారపు నగరం, ఒక మూలన మూడు బురుజుల రాజప్రాసాదం, అందులో రాజుల విగ్రహాలతో ఒక మందిరం, జింకల శిల్పాలతో మరొకటి, తోలు మీదా చెక్క మీదా ఖ్వారజమీ లిపిలో రాసిన పత్రాలు, ఇవన్నీ తవ్వకాల్లో బయటపడ్డాయి. ముఖ్యమైనవి ఎన్నో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంకు చేరాయి కాబట్టి అక్కడ ఇప్పుడు మీకు కనిపించేది గదుల మొండిగోడలు మాత్రమే. అయినా ప్రాసాదపు దిబ్బ ఎక్కి నిలబడితే వీధుల గీతలు ఇంకా పోల్చుకోవచ్చు. ఎదురుగా దూరాన కిజిల్ కలా కనిపిస్తుంది; దాని గోడలకు కొత్తగా కట్టుబడి చేయడం వల్ల కోట ఆకారం తెలుస్తుంది గానీ, వయసు తెలియడం లేదు. అక్కడ పది నిమిషాలు చాలు.

ఆ చుట్టుపక్కల నిజంగా తీరికగా గడపవలసిన చోటు అయాజ్ కలా. ఇది ఒక కోట కాదు, మూడు. గుట్ట మీద ఉన్న పెద్దది క్రీ.పూ. 4, 3 శతాబ్దాల నాటి సరిహద్దు దుర్గం. దిగువన శంఖాకారపు చిన్న కొండను ఆక్రమించినది అంతకంటే చాలా తరువాతిది. మైదానంలోని మూడోదాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. పై కోటకు జంట గోడలు, వాటి మధ్య విలుకాండ్రు తిరగడానికి కమానుల దారి. ఒకచోట ఆ కమాను ఇంకా నిలిచి ఉంది. పచ్చి ఇటుకలను నిలువుగా, కొద్దిగా వాల్చి ఒకదానికొకటి ఆనించి కట్టిన తీరు అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కో ఇటుక దాదాపు మూరెడు పలక, దగ్గరికి వెళ్లి చూస్తే మట్టిలో కలిపిన గడ్డి పరకల జాడలు కూడా తెలుస్తాయి. బాణాల కోసం వదిలిన సన్నని చీలికల్లోంచి చూస్తే ఎడారి పట్టీలుగా కోసినట్టు కనిపిస్తుంది. రెండువేల మూడు వందల ఏళ్లనాటి గోడలకు ఇక్కడ కంచె లేదు, కాపలా లేదు, సమాచార ఫలకాలు కూడా అంతంతమాత్రమే. ఆ స్వేచ్ఛ నచ్చుతుంది. కానీ గోడల నెత్తిమీద నడిచిన అడుగుజాడలు చూసినప్పుడు దిగులు కూడా కలుగుతుంది. దయచేసి గోడలెక్కవద్దు. కురిసేది కొద్దిపాటి వానే అయినా పచ్చి ఇటుకను అదే కరిగిస్తుంది, దాని మీద మనిషి బరువు కూడా ఎందుకు?

అంతకంటే పెద్ద ప్రమాదం కింది నుంచి వస్తోంది. సాగునీటితో భూగర్భ జలం పైకి ఎగబాకి, దానితోపాటు ఉప్పు గోడల పునాదుల్లోకి చేరుతుంది. పొలాలకు ఆనుకుని ఉన్న కోటల్లో గోడ అడుగున తెల్లగా చవుడు పేరుకుని, వేలితో తాకితే మట్టి పొడిపొడిగా రాలిపోవడం గమనించాను. మంగోలుల దండయాత్ర కాలంలో పాడుపడిన గుల్దుర్సున్ కలా చుట్టూ ఇప్పుడు పొలాలే. 1220లో దాన్ని ముట్టడించినప్పుడు రాజకుమార్తె శత్రు సేనానిని మోహించి ద్వారాలు తెరిపించిందని, చివరికి అతడే ఆమెను చంపించాడని స్థానికులు చెప్పుకునే కథ ఉంది. కథ మాట ఎలా ఉన్నా, ఆ గోడల భారీతనం మాత్రం చూసి తీరాలి. కోయ్ క్రిల్గన్ కలా విషయంలో నా సలహా వేరు. గుండ్రటి ప్రణాళికతో, క్రీ.పూ. 4వ శతాబ్దం నాటిదిగా చరిత్ర గ్రంథాల్లో గొప్పగా కనిపించే ఈ కట్టడం తవ్వకాల తరువాత ఎండకూ గాలికీ విడిచిపెట్టడంతో దాదాపు దిబ్బగా మారింది. పురావస్తు శాస్త్రం మీద ప్రత్యేక ఆసక్తి లేనివారు దానికోసం దారి మళ్లనక్కరలేదు.

అయాజ్ కలా పాదాల దగ్గర యూర్త్ గుడారాల శిబిరం ఉంది. ఎడారి రాత్రి చూడాలంటే ఇంతకు మించిన చోటు లేదు. గుడారం లోపల నేలమీద పరుపులు, గోడలకు నేసిన పట్టీలు, పైన గుండ్రటి చట్రం. మరుగుదొడ్లు, స్నానాల గదులు ఉమ్మడివి, గుడారాలకు కొంత దూరంలో ఉంటాయి. వసంతంలోనూ శరత్తులోనూ పగలు హాయిగా ఉన్నా తెల్లవారుజామున చలి వణికిస్తుంది. ఇచ్చే దుప్పట్లు సరిపోతాయి గానీ ఒక ఉన్ని టోపీ దగ్గర ఉంచుకోండి. శాకాహారులు ముందురోజే చెప్పి ఉంచాలి. చెప్పకపోతే టమాటా, దోసకాయ ముక్కలు, రొట్టె, పెరుగుతో సరిపెట్టుకోవాలి. చెప్పితే గుమ్మడికాయ కూరిన పిండివంటకం చేసిపెడతారు, అది నిజంగా రుచిగా ఉంటుంది.

రెండో బసగా నూకుస్ నగరాన్ని ఎంచుకోవాలి. ఖీవాకు తిరిగి వెళ్లకుండా కోటల మీదుగా నేరుగా ఉత్తరానికి సాగితే దారిలో రెండు విషయాలు కలిసివస్తాయి. ఒకటి బెరూనీ పట్టణం. భారతదేశపు శాస్త్రాలనూ ఆచారాలనూ వెయ్యేళ్ల కిందటే అంత శ్రద్ధగా నమోదు చేసిన అల్ బెరూనీ 973లో జన్మించిన కాత్ నగరం ఈ పరిసరాల్లోనిదే. నది కోతకు ఆ పాత నగరం చాలావరకు కొట్టుకుపోయింది, ఇప్పుడు చూడటానికి పెద్దగా ఏమీ లేదు. అయినా మన దేశం నుంచి వెళ్లినవారికి ఆ ఊరి బోర్డు చదవడమే ఒక అనుభవం. రెండోది చిల్పిక్. రహదారి పక్కనే, ఒంటరి గుట్ట మీద కప్పులేని గుండ్రటి మట్టి ప్రాకారం అది. జరతుష్ట్ర మతస్థులు మృతదేహాలను ఉంచిన దఖ్మా. మెట్లెక్కి పైకి చేరితే ఒకవైపు ఎడారి, మరోవైపు నది వంపు, దాని వెంట పచ్చటి పట్టీ కనిపిస్తాయి. ఈ ప్రాంతపు భౌగోళికం మొత్తం ఒక్క చూపులో అర్థమయ్యేది ఇక్కడే.

నూకుస్ అందమైన నగరం కాదు. సోవియట్ కాలపు వెడల్పాటి రోడ్లు, దుమ్ము, ఒకే మూసలోని భవనాలు. ఎందుకు వెళ్లాలంటే సావిత్‌స్కీ మ్యూజియం కోసం. పురావస్తు బృందంతో చిత్రకారుడిగా 1950లో ఈ ప్రాంతానికి వచ్చిన ఇగోర్ సావిత్‌స్కీ ఇక్కడే స్థిరపడి, 1966లో దీన్ని స్థాపించాడు. మాస్కోలో నిషేధానికీ నిర్లక్ష్యానికీ గురైన చిత్రకారుల పటాలను రాజధాని కళ్లు పడనంత దూరంలో దాచాడు. రష్యన్ అవాంట్‌గార్డ్ (సంప్రదాయాన్ని కాదన్న ప్రయోగాత్మక కళ) చిత్రాల సేకరణలో ఇది సెయింట్ పీటర్స్‌బర్గ్ రష్యన్ మ్యూజియం తరువాత రెండోదిగా పేరు పొందింది. నాకు మాత్రం కరకల్పక్ స్త్రీల వెండి నగలు, యూర్త్‌కు నేసిన పట్టీలు ఉన్న విభాగమే ఎక్కువ నచ్చింది. ఫొటోలకు వేరే రుసుము కట్టాలి. నగరంలో హోటళ్లు సాదాసీదాగా, శుభ్రంగా ఉంటాయి, ఖీవాతో పోలిస్తే చవక. ఫోను ఆప్‌తో పిలిచే యాండెక్స్ టాక్సీ పనిచేస్తుంది కనుక బేరాల బాధ లేదు. జొన్నపిండి ముద్దలను మాంసపు పులుసుతో వడ్డించే గుర్తిక్ ఇక్కడి వంటకం. మాంసాహారులు తప్పక రుచి చూడాలి.

నూకుస్‌కు దగ్గరలో ఖోజేలీ పట్టణం పక్కన ఉన్న మిజ్దాఖాన్ శ్మశానవాటికను చాలామంది వదిలేస్తారు, అది పొరపాటు. క్రీ.పూ. కాలం నుంచి నేటి దాకా సమాధులు ఒకదానిపై ఒకటి పేరుకున్న గుట్ట అది. సగం భూమిలోకి దిగి ఉన్న నజ్లూమ్‌ఖాన్ సులూ సమాధి మందిరంలో నీలి పలకలు చూడాలి. పక్కనే శిథిలమైన మరో కట్టడం నుంచి ఏటా ఒక్క ఇటుక రాలుతుందని, చివరి ఇటుక పడినరోజు లోకం అంతమవుతుందని నమ్మే యాత్రికులు, రాలిన ఇటుకలను ఏడేసి చొప్పున పేర్చి వెళ్తుంటారు.

ఎండిపోయి వెనక్కి తగ్గిన అరల్ సముద్రానికి ఒకప్పటి రేవైన మొయ్‌నాక్ నూకుస్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. ఇసుకలో తుప్పుపట్టి నిలిచిన ఓడలు చూడటానికి వెళ్లిరావడానికే ఒక రోజు పడుతుంది. చాలా ఓడలను తుక్కుకు అమ్మగా మిగిలినవాటిని సందర్శకుల కోసం ఒకచోట చేర్చారు కాబట్టి ఆ దృశ్యం కొంత అమర్చినది. నీటి అంచు చూడాలంటే అక్కడి నుంచి మరో 100 కిలోమీటర్లకు మించి జీపు ప్రయాణం, ఒక రాత్రి శిబిరం, గణనీయమైన ఖర్చు. సమయం తక్కువైతే నేను మొయ్‌నాక్‌ను వదులుకుని అయాజ్ కలా దగ్గర రెండో రాత్రి ఉంటాను.

వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది, శీతాకాలంలో నీళ్లు గడ్డకడతాయి. ఏప్రిల్, మే, సెప్టెంబర్, అక్టోబర్ నెలలే అనుకూలం. భారతీయులకు ఈ-వీసా సులభంగా వస్తుంది. బస చేసిన ప్రతిచోటా రిజిస్ట్రేషన్ చేయించుకుని రుజువు దగ్గర ఉంచుకోండి. కోటల దగ్గర కార్డులు చెల్లవు, మరుగుదొడ్లు, నీడ, దుకాణం ఏవీ ఉండవు కనుక నగదు సోమ్‌లు (అక్కడి కరెన్సీ), నీళ్లు నూకుస్‌లోనో ఖీవాకు దగ్గరి ఉర్గెంచ్‌లోనో సమకూర్చుకోవాలి. తాష్కెంట్ నుంచి ఈ రెండు ఊళ్లకూ విమానాలున్నాయి. పైన చెప్పిన దారిని తిరగేసి, నూకుస్‌లో దిగి, కోటల మీదుగా దక్షిణానికి వచ్చి, ఖీవాను చివరికి ఉంచుకుని, ఉర్గెంచ్ నుంచి తిరుగు విమానం ఎక్కడం మంచి క్రమం. ఎడారిలో దుమ్ము కొట్టుకుపోయాక ఖీవాలో వేడినీళ్ల స్నానం, మంచి భోజనం దొరుకుతాయి, నూకుస్‌కు వెనక్కి వెళ్లే ప్రయాణమూ తప్పుతుంది.