హనుమకొండ మ్యూజిక్ షాపుల్లో అమ్మే కార్డ్ చార్ట్: సస్, యాడ్, 9 గడులు నమ్మొచ్చా?

కార్డ్‌లు, అంటే కలిపి ఒకేసారి మోగించే స్వరాల గుంపులు, చూపించే లామినేషన్ చేసిన గోడ చార్ట్ ఇది. ముందు వైపు కీబోర్డు, వెనక వైపు గిటార్. సి నుంచి బి దాకా పన్నెండు వరుసలు. మేజర్, మైనర్, 7, మేజర్ 7, మైనర్ 7, డిమినిష్డ్, ఆగ్మెంటెడ్ గడుల్లో తప్పు లేదు. అచ్చు మంచిగుంది, స్టాండ్ దగ్గర కూర్చున్నా కీలు స్పష్టంగా కనిపిస్తాయి. కీబోర్డు వైపు ఆ తర్వాతి ఆరు గడుల్లోనే పేచీ: సస్ 2, సస్ 4, యాడ్ 9, 9, 11, 13.

సి వరుస చూడండి. యాడ్ 9కీ 9కీ ఒకే బొమ్మ వేశారు: సి, ఇ, జి, బి ఫ్లాట్ (బికి ఎడమ పక్క నల్ల కీ), డి. ఇది సి 9 మాత్రమే. 9, 11, 13 అంకెల్లో ఏది ఒంటరిగా కనిపించినా దాని వెనక 7 (మూల స్వరం నుంచి ఏడో స్వరం) దాగి ఉంటుంది, అదీ ఫ్లాట్ 7, అంటే సి షడ్జమం అనుకుంటే కైశికి నిషాదం. అంకె ముందు మేజర్ అని ఉంటేనే కాకలి నిషాదం, అంటే బి వస్తుంది. యాడ్ అని ఉంటే 7 అసలు ఉండదు. మామూలు మేజర్ కార్డ్ మీద ఆ ఒక్క నోటే కలుస్తుంది. కాబట్టి సి యాడ్ 9 అంటే సి, ఇ, జి, డి, అంతే. కాగితం మీద ఒక్క నల్ల కీ తేడా, పాటలో మాత్రం చాలా తేడా. కాజీపేటలో చర్చి కీబోర్డు వాయించే పిల్లలు పాట చివర సి యాడ్ 9 అని రాసిన చోట ఈ చార్ట్ చూసి వాయిస్తే, ఆ బి ఫ్లాట్ పాటను ఎఫ్ వైపు లాగుతుంది. పాడేవాళ్లు ముగించేశారు, కీబోర్డు ఇంకా ఏదో రావాలంటుంది.

మరి అసలు యాడ్ 9 బొమ్మ ఎటు పోయింది? సస్ 2 గడిలో ఉంది! సి, డి, ఇ, జి అని. సస్ అన్నాక ఇ ఉండకూడదు. గాంధారం తీసేసి దాని స్థానంలో రిషభం పెడితే సస్ 2 (సి, డి, జి), మధ్యమం పెడితే సస్ 4 (సి, ఎఫ్, జి). గాంధారం లేదు కనుక కార్డ్ మేజరో మైనరో తేలదు. అందుకే గాంధారం స్థిరంగా నిలవకుండా ఊగే జానపద బాణీల కింద సస్ 2 గొంతుతో గొడవ పడదు. అక్కడ మేజర్ పట్టుకుంటేనే చెవికి గుచ్చుకుంటుంది. సస్ 4 గడి మాత్రం సరిగ్గానే ఉంది. ఇంకోటి: సి, డి, జి నోట్లే జి సస్ 4లోనూ ఉంటాయి. బాస్‌లో సి మోగితే సి సస్ 2, జి మోగితే జి సస్ 4. ఈ ముక్క చార్ట్ కింద ఒక్క లైనుగా వేయడానికి చోటు కూడా ఉంది, వేయలేదు.

11 గడిలో ఆరు నోట్లూ గుచ్చేశారు: సి, ఇ, జి, బి ఫ్లాట్, డి, ఎఫ్. పుస్తకం లెక్కకు తప్పు కాదు, వాయిస్తే మాత్రం చెవికి నచ్చదు. కింది ఇకి, పై స్థాయి ఎఫ్‌కి మధ్య పదమూడు సెమీటోన్లు (నల్ల కీలతో కలిపి లెక్కిస్తే పక్కపక్క కీల మధ్య దూరం ఒక సెమీటోన్). ఆ జంట కరుకుగా రాసుకుంటుంది. అందుకే వాయించేవాళ్లు ఇ వదిలేస్తారు. ఎడమ చేత్తో సి, కుడి చేత్తో బి ఫ్లాట్, డి, ఎఫ్ పట్టండి, పని అయిపోయింది. పాట కాగితాల్లో బి ఫ్లాట్ ఓవర్ సి అని కనిపించేది ఇదే. జి కూడా కలిపితే సి 9 సస్ 4.

13దీ అదే కథ. మొత్తం ఏడు నోట్లు పేరిస్తే హరికాంభోజి స్వరాలన్నీ వచ్చేస్తాయి. దాన్నంతా ఒకేసారి నొక్కమని బొమ్మ. ఎడమ చేత్తో సి, బి ఫ్లాట్. కుడి చేత్తో ఇ, ఎ, డి చాలు. జి, ఎఫ్ వదిలేయొచ్చు. ఇ, బి ఫ్లాట్, ఎ మాత్రం వదలొద్దు, అవి పోతే 13 అన్న పేరే నిలవదు. చిన్న పిల్లల చెయ్యి సి నుంచి బి ఫ్లాట్ దాకా అందకపోతే సిని బాస్ గిటార్‌కు వదిలేయండి. ఈ నోట్లన్నీ మధ్య సికి కింద గుమిగూడితే ఏ కార్డో కూడా తెలియదు, ఒట్టి మోతే మిగులుతుంది. కనీసం 9, 13 నోట్లనైనా (డి, ఎ) పైకి పెట్టాలి.

విచిత్రమేమిటంటే వెనక గిటార్ వైపు ఈ గడులన్నీ సరిగ్గా ఉన్నాయి. సి యాడ్ 9కి ఐదో తీగ మూడో ఫ్రెట్, నాలుగో తీగ రెండో ఫ్రెట్, మూడో తీగ ఖాళీ, రెండో తీగ, ఒకటో తీగ మూడో ఫ్రెట్. సి 9లో ఆ ఖాళీ తీగను కూడా మూడో ఫ్రెట్ దగ్గర నొక్కమన్నారు, అదే బి ఫ్లాట్. సి 11కి ఐదో తీగ నుంచి ఒకటి దాకా మూడో ఫ్రెట్ మీద అడ్డంగా వేలు. అందులో ఇ లేనే లేదు. వెనక్కి తిప్పి ముందు వైపు తప్పులు దిద్దుకోవచ్చన్నమాట! రెండు వైపులూ ఒకరే చూసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

ఇప్పటికే కొన్నవాళ్లు పర్మనెంట్ మార్కర్‌తో సస్ 2 శీర్షిక కొట్టేసి యాడ్ 9 అని రాయండి, పాత యాడ్ 9 గడి పూర్తిగా కొట్టేయండి. తప్పు పన్నెండు వరుసల్లోనూ ఒకే తీరుగా ఉంది కనుక నిలువు శీర్షికలు మారిస్తే చాలు. మామూలు స్కెచ్ పెన్ లామినేషన్ మీద నిలవదు.

గిటార్ నేర్చుకునేవాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. కీబోర్డు కోసమైతే షాపులోనే విప్పించి సి వరుసలో యాడ్ 9, 9 గడులు పక్కపక్కన చూడండి. రెండింట్లోనూ నల్ల కీ మీద చుక్క ఉంటే ఈ తప్పుల అచ్చే. చుట్టి వెనక్కి ఇచ్చేయండి.