వీఏ ప్యానెల్ టీవీనా, ఐపీఎస్ ప్యానెల్ టీవీనా?

43 అంగుళాల బడ్జెట్ టీవీలు రెండు పక్కపక్కన పెడితే డబ్బా మీద రాతలన్నీ దాదాపు ఒకటే: 4కే, హెచ్‌డీఆర్, 60 హెర్ట్జ్. అసలు తేడా చాలాసార్లు డబ్బా మీద రాయనే రాయరు. ఒకదానిలో వీఏ ప్యానెల్ ఉంటుంది, రెండోదానిలో ఐపీఎస్. రెండూ ఎల్‌సీడీ తెరల్లో రకాలే.

వీఏ బలమంతా నలుపులోనే. దాని కాంట్రాస్ట్, అంటే తెర మీది తెలుపు నలుపు కంటే ఎన్ని రెట్లు వెలుగుగా ఉంటుందనే లెక్క, సాధారణంగా 3000:1కి పైనే ఉంటుంది, ఐపీఎస్‌ది 1000:1 దగ్గర ఆగిపోతుంది. లైట్లన్నీ ఆర్పేసి ఒక రాత్రి సీన్ పెట్టి చూడండి. వీఏలో చీకటి చీకటిలాగే ఉంటుంది. ఐపీఎస్‌లో బూడిద రంగు పొర కప్పినట్టు, సినిమాకి పైనా కిందా వచ్చే నల్ల పట్టీలు కూడా మసక వెలుగుతో కనిపిస్తాయి. అదే పక్కకు జరిగి చూస్తే కథ తిరగబడుతుంది. వీఏలో రంగులు వెలిసిపోయి ముఖాలు పాలిపోతాయి, ఐపీఎస్ మాత్రం పెద్దగా మారదు.

హాల్లో తలో మూల కూర్చుని చూసే ఇల్లయితే ఐపీఎస్ నయం. ఎదురుగా కూర్చుని రాత్రిళ్లు సినిమాలు చూసేవాళ్లు మారుమాట లేకుండా వీఏ తీసుకోవచ్చు. నా ఓటూ దానికే.

హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఇంకా ఎక్కువగా చూపే పద్ధతి) ముద్ర చూసి మురిసిపోకండి. ఈ తరగతి టీవీల వెలుగు చాలావరకు 250-300 నిట్స్ (తెర వెలుగుకి కొలమానం) దగ్గరే ఉంటుంది. హెచ్‌డీఆర్ సినిమాలేమో ఎక్కువగా 1000 నిట్స్ లెక్కలో తయారవుతాయి. సౌండ్ సంగతి? రెండూ నీరసమే. ర్యామ్ 1 జీబీ, 2 జీబీ అని తేడా ఉంటే 2 జీబీదే మేలు, లేదంటే యాప్ తెరుచుకునేలోపు విసుగొస్తుంది.

ఇంకో చిక్కుంది. ఒకే మోడల్ పేరు మీద సైజును బట్టి ప్యానెల్ రకం మారిపోతుంటుంది. 55 అంగుళాలది చూసి 43 కొనేయొద్దు.