డబ్ల్యూడీఎం-3ఎ మోడల్: పైన అంతా బాగుంది, కింద బోగీల మాటేమిటి?

హెచ్ఓ స్కేలులో, అంటే 1:87 నిష్పత్తిలో, తయారైన డబ్ల్యూడీఎం-3ఎ డీజిల్ ఇంజను మోడల్‌ను పర్లాకిమిడిలోని మా ఇంట్లో కొన్నేళ్ళుగా నడుపుతున్నాను. రంగులు, నంబర్లు, పొట్టి హుడ్ పక్కనున్న కమ్మీలు ఎవరూ వంక పెట్టలేనంత శ్రద్ధగా చేశారు కనుక వాటి గురించి ఇక్కడ రాయడం లేదు. నా అభ్యంతరమంతా ఫుట్‌ప్లేటుకు, అంటే ఇంజను పక్కన నడిచే అంచుకు, దిగువన, చక్రాలను మోసే బోగీల దగ్గరే ఉన్నది. (ఇక్కడ బోగీ అంటే రైలు పెట్టె కాదు, ఇరుసులు, చక్రాలు అమర్చిన చట్రం.)

అసలు ఇంజను కింద ఉండేది ఆల్కో అనే అమెరికా ఇంజన్ల కంపెనీ వారి ట్రైమౌంట్ బోగీ, అంటే పైభాగాన్ని మూడు చోట్ల మోసేది. 2600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 కింద ఉన్న ఆ బోగీయే 3100 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-3ఎ దాకా కొనసాగింది. పైభాగం బరువులో 60 శాతం మధ్యనున్న పివట్ (బోగీ తిరిగే ఇరుకు) మీద, మిగిలినది 20 శాతం చొప్పున రెండు పక్కల ప్యాడ్ల మీద పడుతుంది. ఇరుసులను తిప్పే ట్రాక్షన్ మోటార్లను అమర్చిన తీరు వల్ల మూడు ఇరుసుల మధ్య ఎడం సమానంగా ఉండదు. నడిమి చక్రం ఒక పక్కకు జరిగినట్టు ఉంటుంది. పలాసలో గూడ్సు మీద నిలబడి ఉన్న ఇంజనును ప్లాట్‌ఫారం మీది నుంచి చూసినా ఈ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

మోడల్ సైడ్ ఫ్రేములో, అంటే చక్రాల ముందు పక్కన కనిపించే బోగీ పలకలో, ఈ తేడాను చక్కగా చూపించారు. బరువును ఇరుసులకు పంచే ఈక్వలైజర్ బీమ్, దాని మీద నిలిచిన స్ప్రింగుల చుట్లు, ఇరుసు కొసలను పట్టి ఉంచే ఇరుసు పెట్టెల మూతల మీది బోల్టులు భూతద్దం కింద విడివిడిగా కనిపిస్తాయి. చిక్కేమిటంటే, ఆ ఫ్రేము వెనుక తిరిగే చక్రాలు మాత్రం సమానమైన ఎడంతోనే ఉన్నాయి. మోడల్‌ను కంటి ఎత్తులో పెట్టి పక్కనుంచి చూస్తే, నడిమి చక్రం కేంద్రం తన ఇరుసు పెట్టెకు రెండు మిల్లీమీటర్లకు పైగా పక్కన కనబడుతుంది. అంటే ఇరుసు ఒకచోట, దానిని పట్టి ఉంచవలసిన పెట్టె మరొకచోట ఉన్నాయన్నమాట. మోటారు తిప్పే మరచుట్ల వర్మ్ గేరు నుంచి మూడు ఇరుసులకూ పళ్ళచక్రాలు సమంగా సర్దుకోవడం సులువు కనుక తయారీదారు ఈ దారి పట్టి ఉంటాడని నా అనుమానం. అదే చాసిస్‌ను గూడ్సు డీజిల్ ఇంజనైన డబ్ల్యూడీజీ-3ఎ కింద వాడితే నేను ఇంత పట్టుబట్టేవాడిని కాను. పట్టాల మీద పట్టు ఎక్కువగా ఉండేలా చేసిన దాని హై అడ్హిషన్ బోగీలో మోటార్లు మూడూ ఒకే దిక్కుగా ఉంటాయి, నడిమి చక్రం అంతగా పక్కకు జరిగి కనిపించదు. అయితే ఆ బోగీ ఫ్రేము రూపమే వేరు కాబట్టి సైడ్ ఫ్రేమును కూడా మార్చక తప్పదు.

చక్రాల వ్యాసం విషయంలో ఫిర్యాదు లేదు. అసలు చక్రం 1092 మిల్లీమీటర్లు, ఈ స్కేలులో సుమారు 12.5 రావాలి, వచ్చింది కూడా. గేజి సంగతి వేరు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లను 87తో భాగిస్తే 19.3 వస్తుంది, మోడల్ నడిచేది 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద. అందువల్ల ఒక్కో చక్రం దాదాపు 1.4 మిల్లీమీటర్లు లోపలికి ఒదిగి, ఎదురుగా చూసినప్పుడు చక్రానికీ సైడ్ ఫ్రేముకూ మధ్య చీకటి సందు కనిపిస్తుంది. దీనికి ఈ ఒక్క తయారీదారును తప్పుపట్టడం న్యాయం కాదు. హెచ్ఓ పట్టాల మీద భారతీయ ఇంజనును నడిపే వారందరూ ఒప్పుకున్న రాజీ అది. (మా నౌపడ–గుణుపురం లైను ఒకప్పుడు 762 మిల్లీమీటర్ల న్యారోగేజి, దానిని హెచ్ఓలో చేయబోయేవారికి కనీసం ఈ బాధ ఉండదు, 9 మిల్లీమీటర్ల పట్టాలు దాదాపు సరిపోతాయి.)

వాడకంలో మోటారు, గేర్లు ఇబ్బంది పెట్టలేదు. చక్రాల ముందు పట్టాల మీద ఇసుక చల్లే గొట్టాలకు నమూనాలైన ఇసుక గొట్టాలే నిలవలేదు. విడిగా అతికించిన ఆ సన్నని ప్లాస్టిక్ ముక్కలు, ఇంజనును బోగీల దగ్గర పట్టుకుని ఎత్తిన ప్రతిసారీ ఒకటో రెండో ఊడి రావడంతో చివరికి ఇత్తడి తీగతో నేనే చేసుకున్నాను. సైడ్ ఫ్రేములన్నీ నిగనిగలాడే నల్లరంగులో ఉండటం వల్ల అంత చక్కని అచ్చుపని కంటికి ఆనదు. మెరుపులేని బూడిదరంగు పూసి, స్ప్రింగుల సందుల్లో ఎర్రమట్టి రంగు పొడి అద్దిన తరువాతే అది బయటపడింది.

బోగీని మార్చదలచిన వారు ఆల్కో ఆర్ఎస్‌డి-5 మోడళ్ళ విడిభాగాల కోసం వెతకడం మేలు, ఆ అమెరికా ఇంజను కింద ఉన్నదీ ట్రైమౌంటే. కొనే ముందు ఇరుసుల ఎడాన్ని వెర్నియర్ అనే సూక్ష్మ కొలత సాధనంతో కొలిచిన కొలతలు అమ్మేవారిని అడిగి తెప్పించుకోవాలి. పక్కనుంచి తీసిన ఫొటోలో సైడ్ ఫ్రేము చక్రాలను కప్పేస్తుంది కనుక, బోగీని తిరగేసి అడుగునుంచి తీసిన ఫొటో కూడా అడగాలి.