హన్మకొండ నుంచి నాసిక్ వైనరీలకు: ఆరు ట్రిప్పుల తర్వాత

వైనరీలు, అంటే ద్రాక్షతో వైన్ తయారుచేసే చోట్లు, చూడ్డానికి మహారాష్ట్రలోని నాసిక్ పోతున్నా అని మొదటిసారి చెప్పినప్పుడు మా అమ్మ, "వైన్స్ చూసుటానికి గంత దూరం ఎందుకురా, మన నయీంనగర్ల లెవ్వా?" అంది. ఆమె తప్పేం లేదు, మన దగ్గర వైన్స్ అంటే మందు షాపు, అందులో వైన్ ఒక్కటి తప్ప అన్నీ అమ్ముడుపోతాయి. 2018 నుంచి ఇప్పటికి ఆరుసార్లు తిరిగాను. నాలుగుసార్లు నాసిక్, ఒకసారి బెంగళూరు పక్కన నంది హిల్స్, ఒకసారి మహారాష్ట్రలోనే షోలాపూర్ జిల్లా అక్లూజ్. ఏది బాగుంటుందని ఆఫీసులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి ఇది రాస్తున్నా.

ముందే చెప్పేస్తా, రోజుకు ఒక్క వైనరీ చాలు, మహా అయితే రెండు. మొదటి ట్రిప్పులో నేనూ మా బావమరిదీ ఒకే రోజు నాలుగు పెట్టుకున్నాం, డబ్బులు కట్టి అంత దూరం పోయాం కదా అని. మూడో దాని దగ్గరికి వచ్చేసరికి నాలుకకు ఏ రుచీ తెలియడం లేదు, నాలుగో దాంట్లో ఏం తాగామో ఇప్పటికీ గుర్తు లేదు, క్యాబ్ డ్రైవర్ మాత్రం మమ్మల్ని చూసి నవ్వుకోవడం గుర్తుంది. పైగా అది మే నెల. పిల్లల సెలవులని అప్పుడు పోయాం. తోట నిండా పచ్చని గుత్తులు వేలాడుతుంటాయని అనుకుంటే, కొమ్మలన్నీ కొట్టేసిన మొండి కాండాలు వరసగా నిలబడి ఉన్నాయి. అక్కడ తీగను ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారట, ఎండాకాలం మొదట్లో ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక సెప్టెంబర్, అక్టోబర్‌లలో మళ్లీ. రెండోసారి కత్తిరించాక వచ్చే కాపునే వైన్‌కు తీసుకుంటారు, కోత జనవరి నుంచి మార్చి దాకా. కాబట్టి పండు చూడాలంటే ఫిబ్రవరి. కొండలు, చల్లగాలి, ఆకు పచ్చదనం చాలనుకుంటే ఆగస్టు కూడా బాగుంటుంది, కాకపోతే తీగకు ఆకులే ఉంటాయి.

2020 ఫిబ్రవరిలో పోయినప్పుడు ఒక చిన్న వైనరీలో తోట చూపించే కుర్రాడు షిరాజ్ అనే నల్ల ద్రాక్ష గుత్తి ఒకటి తెంపి ఇచ్చాడు. మన బండ్ల మీద అమ్మే ద్రాక్షలో సగం కూడా లేదు ఒక్కో పండు, తోలు మందం, లోపల గింజలు, కానీ తీపి మాత్రం పళ్లు జివ్వుమనేంత. ఒక పండును వేళ్ల మధ్య పెట్టి పిండి, "రసం ఏ రంగు?" అని హిందీలో అడిగాడు. నల్లటి పండులోంచి దాదాపు తెల్లటి నీళ్లు కారాయి. రెడ్ వైన్‌కు ఎరుపు తోలు నుంచే వస్తుంది, అందుకే రసాన్ని తోలుతో కలిపి పులియబెడతారు, వైట్‌కు తోలు తీసేసి చల్లటి స్టీలు ట్యాంకుల్లో మెల్లగా పులియనిస్తారు. ఆ ట్యాంకు మీద చెయ్యి పెడితే ఫ్రిజ్ తలుపు తీసినంత చల్లగా ఉంది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి ఎందుకు పులుస్తుందో చిన్నప్పటి నుంచి చూస్తున్నవాళ్లమే, అయినా ఆ అరగంటలో అర్థమైనంత ఎప్పుడూ కాలేదు.

మొదటిసారి పోయేవాళ్లు నాసిక్‌లోని సులా వైనరీకే పోండి. రాజీవ్ సామంత్ 1999లో మొదలుపెట్టిన కంపెనీ, వైన్‌కు నాసిక్ అనే పేరు రావడంలో సగం వాటా దానిదే. టూర్ పద్ధతిగా ఉంటుంది, ద్రాక్ష క్రషింగ్ నుంచి బాటిల్ దాకా వరసగా చూపిస్తారు, హోటల్, రెస్టారెంట్లు అన్నీ అక్కడే. కానీ వీకెండ్ కదా అని శనివారం మధ్యాహ్నం పోతే మాత్రం మేడారం జాతర గుర్తొస్తుంది. ముంబై, పుణె వాళ్లంతా ఆ రోజే దిగుతారు. మేం శుక్రవారం సెలవు పెట్టి పొద్దున్నే సులా ముగించి, శనివారం జనం తక్కువ ఉండే చోటికి పోవడం మొదలుపెట్టాక ప్రాణం హాయిగా ఉంది.

గంగాపూర్ డ్యామ్ వైపే కాస్త దూరంలో యార్క్ అనే వైనరీ ఉంది. 2021లో దాన్ని సులానే కొనేసింది, అయినా చిన్న వైనరీ తీరు పూర్తిగా పోలేదు. సాయంత్రం నీళ్ల వైపు చూస్తూ కూర్చోవడానికి నాకు నచ్చిన చోటు అదే. మా ఆవిడ తాగదు, ఒక గుక్క పెదవికి తగిలించి గ్లాసు నాకిచ్చేస్తుంది. కానీ వాసన చూడ్డంలో నాకంటే పది రెట్లు నయం. సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్ పోసి ఏం వాసన అని అడిగితే నేను దిక్కులు చూస్తుంటే, "పచ్చి జామకాయ" అంది టక్కున. పోస్తున్న అమ్మాయి అదే అనబోతున్నానంది. అప్పటి నుంచి ఎక్కడికి పోవాలో ఆమే నిర్ణయిస్తోంది, నిజం చెప్పాలంటే అప్పటి నుంచే ట్రిప్పులు బాగుంటున్నాయి. తాగనివాళ్లు మనతో ఉంటే కూర్చునే చోటు, తిండి, నీడ చూసి వైనరీని ఎంచుకోండి, బాటిల్ పేరు చూసి కాదు.

ఆ లెక్కన ఇగత్‌పురి వైపున్న వల్లోన్ వైనరీదే మా ఇంట్లో మొదటి స్థానం. చిన్నది, చుట్టూ కొండలు, ఎదురుగా ముక్నే డ్యామ్ నీళ్లు, ఎవరూ తొందరపెట్టరు. డిండోరి దగ్గరి షాందోన్ వైనరీ బుడగల వైన్ ఇష్టమైనవాళ్లకు. అక్కడికి ముందే బుక్ చేసుకుని పోవాలి. నంది హిల్స్ దగ్గరి గ్రోవర్ జంపా 1988 నాటిది, పాత ఓక్ పీపాల వాసన బాగుంటుంది, కానీ దానికోసమే వరంగల్ నుంచి పోనక్కర్లేదు, బెంగళూరులో పనుంటే ఒక పూట కేటాయించండి.

అక్లూజ్ సంగతి వేరు. అక్కడి వైనరీ పేరు ఫ్రాటెల్లీ, అంటే ఇటాలియన్‌లో అన్నదమ్ములు, ఢిల్లీ, అక్లూజ్, ఇటలీలకు చెందిన మూడు జతల అన్నదమ్ములు కలిసి పెట్టారు. హైదరాబాద్ నుంచి షోలాపూర్ మీదుగా కారులో పోయాం, వచ్చేటప్పుడు పండరీపురంలో ఆగాం. గెస్ట్‌హౌస్‌లో గదులు కొన్నే, రాత్రి కప్పల అరుపులు తప్ప శబ్దం లేదు. సరదా కావాలంటే వద్దు, నిద్ర కావాలంటే పోండి.

ఒక దెబ్బ తిన్న కథ కూడా చెప్పాలి. లాంగ్ వీకెండ్ అని జనవరి 26కు ప్లాన్ చేశా, కోత సీజన్ కూడా కలిసొచ్చింది అని సంబరపడ్డా. అది డ్రై డే, మందు అమ్మకూడని రోజు. రూమ్ బుక్ చేసేటప్పుడు ఆ వైనరీ వాళ్లు ఒక్క మాట చెప్పలేదు, పోయాక గేటు దగ్గర చెప్పారు. వాళ్ల మీద కోపమొచ్చింది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది. ఆ రోజు అందరం త్ర్యంబకేశ్వరం పోయి దర్శనం చేసుకున్నాం, అమ్మ ఒక్కతే సంతోషపడింది. ఆగస్టు 15, అక్టోబర్ 2 కూడా అంతే, క్యాలెండర్ చూసుకోండి.

ప్రయాణానికి మేం సికింద్రాబాద్ పోయి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాం. నిజామాబాద్, నాందేడ్ మీదుగా పోయి తెల్లారకముందే నాసిక్ రోడ్‌లో దించుతుంది, చీకట్లో దిగాలి కాబట్టి హోటల్‌కు ముందే ఫోన్ చేసి పెట్టుకోవాలి. ఊళ్లో రోజంతా క్యాబ్ మాట్లాడుకోండి, తాగి నడపొద్దు.

బాటిళ్లు మోసుకురావడం మానేశా. వేరే రాష్ట్రం సరుకు మన దగ్గర ట్యాక్స్ కట్టని మద్యం కింద లెక్క, రైళ్లలో ఎక్సైజ్ వాళ్లు పట్టుకున్న వార్తలు మీరూ చదివే ఉంటారు. అక్కడ నచ్చింది ఏదో రాసుకుని హైదరాబాద్‌లో దొరికితే కొంటున్నా. అలా కొన్న షిరాజ్ ఒకటి బీరువా మీద పెట్టి మరిచిపోయా. మన వరంగల్ మే నెల ఎండకు కార్కు పైకి తన్నుకొచ్చి, అంచు వెంట బంకలా కారి ఉంది. అమ్మకు చూపిస్తే వాసన చూసి, "పులిసిపోయిన కల్లు లెక్కనే ఉన్నది గదరా" అని చింతపండు సీసా పక్కన పెట్టేసింది. ఇప్పుడు మిగిలిన రెండు బాటిళ్లు ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పడుకోబెట్టి ఉన్నాయి, దాని గురించి ఇంట్లో రోజూ ఒక మాట పడుతూనే ఉన్నా.