పప్పు ఉడకని నీళ్లలో పసుపు చేపలు: ఎనిమిదేళ్ల అనుభవం

పర్లాకిమిడిలో మా ఇంటి బోరు నీళ్లతో కందిపప్పు ఉడకాలంటే కుక్కరు నాలుగు కూతలు ఎక్కువ కూయాలి. సబ్బు నురగ రాదు. బకెట్ అంచున తెల్లటి గార కడుతుంది. ఈ నీళ్లలో నేను పోగొట్టుకున్న చేపలను తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. నియాన్ టెట్రాలు రెండు విడతలు తెచ్చాను, రెండూ పోయాయి. ఆ తర్వాత మూడు నెలలు డబ్బు కూడబెట్టి కొన్న మూడు డిస్కస్‌లు నెల తిరగకుండానే పోయాయి. చేతకానివాణ్ని అనుకుని ట్యాంకు అటకెక్కించేశాను.

2017లో విశాఖ వెళ్లినప్పుడు ఒక చేపల దుకాణం పెద్దాయన, నేను చేపల వైపు చూడక ముందే, "మీ ఊళ్లో నీళ్లెలా ఉంటాయండీ?" అని అడిగారు. అంతకుముందు ఏ దుకాణంలోనూ నన్నెవరూ ఆ మాట అడగలేదు. పప్పు ఉడకదని చెప్పాను. "అయితే మలావి చేపలు తీసుకెళ్లండి, వాటికి ఆ నీళ్లే కావాలి" అన్నారు. ఆఫ్రికాలోని మలావి సరస్సు నీళ్ల పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత, 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది. ఇంటికొచ్చి నీళ్లు పరీక్షించే కిట్‌తో చూస్తే మా బోరు నీళ్లు 8.2. ఇన్నాళ్లూ చేపను బట్టి నీళ్లు మార్చాలని తంటాలు పడ్డాను గానీ, నీళ్లను బట్టి చేపను ఎంచుకోవాలన్న ఆలోచనే రాలేదు. డిస్కస్ కూడా ఈ మలావి చేపల్లాగే సిక్లిడ్ అనే కుటుంబానిదే. కాకపోతే అది అమెజాన్ మెత్తటి నీళ్ల, అంటే లవణాలు తక్కువుండే నీళ్ల చేప. ఒకే కుటుంబం కాబట్టి ఒకే నీళ్లు సరిపోతాయనుకోవడం నా పొరపాటు.

మలావి చేపల్లోనే ఎల్లో ల్యాబ్ అనే పసుపు రకం ఎనిమిది, రెడ్ జీబ్రా అనే రకం నాలుగు తెచ్చాను. విశాఖ నుంచి రైల్లో ఆక్సిజన్ సంచులు ఒళ్లో పెట్టుకుని నౌపడ మీదుగా వచ్చాను. ఒక్కటీ చావలేదు. ట్యాంకు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, అంటే నిండా పోస్తే 250 లీటర్లు. మహేంద్రతనయ ఒడ్డున ఏరుకొచ్చిన రాళ్లను ముందుగా ట్యాంకు అడుగునున్న అద్దం మీద పేర్చి, ఆ తర్వాత ఇసుక పోశాను. ఈ వరుస మాత్రం తప్పకూడదు. ఇవి నోటితో ఇసుక తవ్వే చేపలు. రాయి ఇసుక మీద ఉంటే కింద గొయ్యి పడి, రాయి జారి అద్దం పగులుతుంది. మిగతా సామానంతా మామూలే. స్పాంజ్ ఫిల్టర్లు రెండు, వాటిని నడిపే ఎయిర్ పంపు ఒకటి.

వాటి రంగు గురించి చెప్పను, అందరూ చూసిందే. నేను వీటికి దాసుణ్నయింది ఆడచేప నోటి వల్ల. గుడ్లు పెట్టిన వెంటనే వాటిని నోట్లోకి తీసుకుంటుంది. ఆ తర్వాత దాదాపు మూడు వారాలు తిండి తినదు. గడ్డం కింద సంచి ఉబ్బి ఉంటుంది. గుడ్లను లోపల మెల్లగా తిప్పుతూ ఉంటుంది కాబట్టి ఏదో నములుతున్నట్టు కనిపిస్తుంది. మేత వేస్తే మిగతావన్నీ పైకి ఎగబడతాయి, ఇది మాత్రం రాతి సందులోంచి చూస్తూ ఉండిపోతుంది. ఆ చూపు చూశాక నాకు అన్నం సయించేది కాదు.

2018 గాంధీ జయంతి సెలవు రోజున ఒక ఎల్లో ల్యాబ్ ఆడచేప గడ్డం ఉబ్బి కనిపించింది. మా ట్యాంకులో మొదటి కాన్పు. సరిగ్గా తొమ్మిదో రోజు, అక్టోబర్ 11 తెల్లవారుజామున, తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పటికే మాకు కరెంటు లేదు. దసరా నవరాత్రులు మొదలైన మర్నాడే స్తంభాలు నేలకూలి, చెట్లు వీధికి అడ్డంగా పడి ఉన్నాయి. ఇన్వర్టర్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాను. మధ్యాహ్నానికి అదీ ఆగిపోయింది. ఎయిర్ పంపు తినేది ఐదు వాట్లే. కానీ ఊరికే ఆన్‌లో ఉన్నందుకే ఇన్వర్టర్ అంతకు రెండు మూడింతలు తాగేస్తుందని తర్వాత తెలిసింది.

ఇక చెంబే ఎయిర్ పంపు. ట్యాంకులోంచి చెంబుతో నీళ్లు ముంచి, మూరెడు ఎత్తునుంచి మళ్లీ అందులోకే పోయడం. గంటకొకసారి పావుగంట సేపు. పగలు నేను, అమ్మ, రాత్రి నేను, తమ్ముడు. వీధి చివరి బోరింగు నుంచి పిల్లలు బిందెలతో నీళ్లు తెచ్చేవారు. పక్కింటి ఒడియా మాస్టారు, "ఇంత వాన పడుతోంది కదా, ఆ నీళ్లు పట్టి పోయొచ్చుగా" అన్నారు. ఆయన మంచికే చెప్పారు. కానీ వాన నీళ్లు మెత్తటివి. ఒక్కసారిగా పోస్తే పీహెచ్ పడిపోయి ఇవి తట్టుకోలేవు. బోరింగు నీళ్లే ఎత్తునుంచి ధారగా పోసి, కాసేపు కలియబెట్టి, రోజుకు రెండు బిందెలు మార్చాను. మేత పూర్తిగా ఆపేశాను.

నీళ్ల గురించి ఇంత పొగిడాను కదా, ఆ ఆరు రోజుల్లో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టిందీ ఆ నీళ్లే. ఫిల్టర్ ఆగితే చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియా పేరుకుంటుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే అందులో విషంగా మారే వాటా దాదాపు పది రెట్లవుతుంది. మెత్తటి నీళ్లలో ఒకటి రెండు రోజులు తట్టుకునే పొరపాటు మా 8.2 నీళ్లలో తట్టుకోవడం కష్టం. మూడో రోజు పెద్ద జీబ్రా మగది, నాలుగో రోజు ఒక ఎల్లో ల్యాబ్ పోయాయి.

ఆడచేప మాత్రం గుడ్లు వదల్లేదు. భయపడితే ఇవి గుడ్లు ఉమ్మేయడమో మింగేయడమో చేస్తాయని తెలుసు. రాత్రి టార్చి వేసి ముందు గడ్డమే చూసేవాణ్ని. నీటి పైకి వచ్చి గాలి కోసం తన్నుకుంటున్నప్పుడు కూడా నోరు పూర్తిగా తెరవలేదు. ఆరో రోజు సాయంత్రం కరెంటు వచ్చి ఎయిర్ పంపు గుర్రుమన్నప్పుడు అమ్మ దేవుడి గదిలోకి వెళ్లి దీపం పెట్టింది. దసరా వెళ్లాక, 25న, రాళ్ల మధ్య పిల్లలు కనిపించాయి. లెక్కపెట్టగలిగినవి పదిహేడు. ఒక్కోటి బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది.

ఇంతటితో ఆపితే బాగుంటుంది గానీ, కొనబోయేవాళ్లకు ఇదీ చెప్పాలి. మూడో నెల వచ్చేసరికి ఆ పిల్లల ఒంటి మీద బూడిద రంగు నిలువు గీతలు తేలాయి. వెన్నురెక్క మీద ఉండాల్సిన నల్ల చార మసకగా ఉంది. తండ్రి జీబ్రా. ఈ రెండూ ఒకే ట్యాంకులో ఉంటే కలుస్తాయని అప్పటికి నాకు తెలియదు, తెచ్చిన రోజు ఎవరూ చెప్పలేదు కూడా. 'మిక్స్‌డ్ ఆఫ్రికన్' పేరుతో పది రకాలు ఒకే సంచిలో కట్టి అమ్మడం మీద నాకున్న కోపమంతా దీనికే. అడిగినవాళ్లందరికీ పిల్లల్నిస్తానని మాటిచ్చి, ఒక్కరికీ ఇవ్వలేకపోయాను. ఇస్తే వాళ్ల ట్యాంకులోనూ అదే రక్తం కలుస్తుంది. మిగిలిన జీబ్రాలను వేరే ఇంటికి పంపేశాను. ఇప్పుడు ఉన్నవి ఒక్క ఎల్లో ల్యాబ్‌లే.

ఎల్లో ల్యాబ్‌ను సౌమ్యమైన చేప అంటారు. మలావి చేపల్లో పోల్చి చూస్తే నిజమే. కానీ 2021లో రెండు మగచేపల్లో ఒకటి రెండోదాన్ని మూల నుంచి కదలనివ్వక, చివరికి చంపేసింది. అప్పటినుంచి ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి ఉండేలా చూసుకుంటున్నాను.

మొదట తెచ్చిన ఎనిమిదిలో రెండు ఇంకా ఉన్నాయి. నాకు మళ్లీ కొనాల్సి వస్తే ఇవే కొంటాను. మా ఇంట్లో పగలంతా ఎవరో ఒకరు ఉంటారు, బోరు నీళ్లు గట్టివి, తుఫాను వస్తే చెంబు పట్టుకోవడానికి నాలుగు చేతులున్నాయి. ఒంటరిగా ఉండి రోజంతా డ్యూటీకి వెళ్లేవాళ్లు, కొండవాగు నీళ్లు వాడే ఊళ్లవాళ్లు ఇదే మాట నమ్మి కొనొద్దు. ముందు కిట్‌తో నీళ్లు చూసుకోండి. మా తీరం దగ్గరివాళ్లయితే చేపలకన్నా ముందు 12 వోల్టుల బ్యాటరీకి నేరుగా తగిలించే ఎయిర్ పంపు కొనండి. నాది ట్యాంకు పక్కనే మేకుకు వేలాడుతోంది, ప్రతి అక్టోబర్ ఒకటో తారీకున ఒకసారి వేసి చూస్తాను.

ఆ గీతల పిల్లల్లో ఒక ఆడది బతికే ఉంది. దాన్ని విడిగా రెండడుగుల ట్యాంకులో ఉంచాను. ఎవరికీ ఇవ్వను.